పద్నాలుగో షరతు

సభ్యత్వ ఫారంలో తొమ్మిదో గడి:
"ఫీజు లేకుండా నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరు?"
నాలుగు అని రాసి, కొట్టేసి, మూడు అని రాశాను.
యాభై రెండేళ్ల వకీలుని.
గంటను ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి
అమ్ముకునే విద్య చేతికి బాగా పట్టినవాణ్ణి.

కిసుములో, చర్చి వెనక హాల్లో, ఆ సాయంత్రం
చేరినవాళ్లం పదకొండు మందిమి.
ఓడల బీమా తప్ప ఇంకేమీ రాదన్నాడొకాయన, సిగ్గుపడుతూ.
పట్టా వచ్చి ఏడాదైనా కాని నెకేసా
టీ కప్పు కింద పెట్టకుండానే సంతకం చేసింది.
ఇంతలో కరెంటు పోయింది.
మిగతా ప్రమాణం ఫోన్ల వెలుగులో చదివాం,
తడబడుతూ, ఒకరి వాక్యం ఇంకొకరు అందుకుంటూ.

మొదటి శనివారం. దుంగా తీరం.
యునియా అపోండికి చేపలెండబెట్టే బల్లలు మూడు,
రేకుల పాక ఒకటి,
పాక కింది నేల మీద అప్పు.
సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది.
వేలెడైనా లేని ఒమేనా చేపల వాసన.
స్టాంపు మీద అంటుకుని ఒక పొలుసు మెరుస్తోంది.

కళ్లజోడు సవరించుకుని,
మేలు చేయడానికి వచ్చినవాడి గొంతుతో
మొదటి పేజీ చదివాను. రెండోదీ చదివాను.
పద్నాలుగో షరతు దగ్గర గొంతు ఆగింది.

"నోటీసు అందినా అందకున్నా, అందినట్టే భావించబడును."

ఇరవై మూడేళ్ల క్రితం, మొంబాసాలో,
వాన పడుతున్న మధ్యాహ్నం, కిర్రుమనే ఫ్యాన్ కింద
నేను రాసిన వాక్యం.
గట్టి ముడి వేశావోయ్ అని పెద్ద వకీలు భుజం తట్టాడు.
ఆ సాయంత్రమే కొత్త బూట్లు కొనుక్కున్నాను.
నా కామా కూడా ఉంది అక్కడే,
పొలుసుకి బెత్తెడు దూరంలో.

చెప్పాను.
నువ్వెవరో నాకు తెలియదమ్మా,
నిన్ను కట్టేసిన మాట మాత్రం నా చేతిదే.
ఆమె వల బాగుచేస్తున్న చేయి ఆపలేదు.
"మంచిదేగా. ముడి వేసినవాడికే
ఎక్కడ విప్పాలో తెలిసేది."

కుదరదమ్మా. వాళ్ల ఉప్పు తిన్నవాణ్ణి.
వాళ్ల గుట్టు కడుపులో పెట్టుకుని
నీ పక్కన నిలబడకూడదు. అది మా నియమం.
అంటుంటే ఆ నియమం నా పళ్ల కింద
ఎండు చేప ముల్లులా గుచ్చుకుంది.
"మరైతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"
ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు.

నీళ్ల అంచు దాకా నడిచి నెకేసాకి ఫోన్ చేశాను.
నేను తప్పుకోవాలి, ఎందుకో అడక్కు అన్నాను.
అడగలేదు.
"ఆమెకి బుధవారం వీలవుతుందా?" అంది.
వెనక పసిబిడ్డ ఏడుపు, గిన్నెల చప్పుడు.

సోమవారం ఆఫీసులో, ఇంకెవరి కోసమో రాస్తున్న ఒప్పందంలో
పద్నాలుగో షరతు దగ్గర చాలాసేపు కూర్చున్నాను.
"చేతికి అందిన తర్వాతే" అని రాశాను.
ఖాతాదారు అడిగితే ఏం చెప్పాలో
ఇంకా తోచలేదు.

యునియా కేసు నడుస్తూనే ఉంది.
గెలుస్తుందో లేదో నెకేసా చెప్పదు, నేనడగను.
వాయిదా రోజున లోపల నాకు పని లేదు.
చేపల బుట్టని కోర్టు హాల్లోకి రానివ్వరు కనుక
వరండాలో దానికి కాపలా నేను.
అక్కడ పిల్లులు ఎక్కువ.
నల్లకోటు వేసుకుని పిల్లుల్ని తోలే వకీలుని చూసి
బంట్రోతు మొదట నవ్వాడు,
ఇప్పుడు కుర్చీ వేస్తున్నాడు.

నిన్న ఏడాది లెక్కలు అడిగారు.
చేపట్టినవి రెండు: మోటార్‌సైకిల్ కుర్రాడి మరణపత్రం,
ఒక గోడ తగాదా.
ఇచ్చిన గంటలు ఇరవై ఆరు.

బుట్ట దగ్గర గంటలు అందులో కలపలేదు.